కింద తాడు పట్టుకునేదెవరు?

మార్చి 3

తమ్ముడూ,

ఫోను చేస్తే నువ్వెప్పుడూ ఏదో ఒక లిఫ్టు గోతిలోనే ఉంటావు. నేను సగం మాట చెప్పేసరికి "అక్కా, వినపడట్లేదు" అని నువ్వు అరుస్తావు, "నాకు వినపడుతోందిరా" అని నేను అరుస్తాను, ల్యాబులో పక్కన పనిచేసుకునేవాళ్ళు తలెత్తి చూస్తారు. అందుకే ఈ ఉత్తరం. దీన్ని గోతిలో కూర్చుని కూడా చదువుకోవచ్చు, మధ్యలో తెగదు.

కంగారు పడకుండా విను. నేను గోడలెక్కుతున్నాను.

దొంగతనానికి కాదులే. పోయిన నెల మా కట్టుడుపళ్ళ ల్యాబుకి ఒక పెద్దాయనకి ముందు పళ్ళు రెండు చేసే పని వచ్చింది. రంగు రెండుసార్లు కుదరలేదు. మూడోసారి డాక్టరుగారు, "ఆయనకి ఇక్కడిదాకా వచ్చే తీరిక లేదట. మీరే ఒకసారి వెళ్ళి ఎదురుగా పెట్టి చూసి రండమ్మా" అన్నారు. చిరునామా పట్టుకుని వెళ్తే అదొక పాత గోదాము. తలుపు తోసి చూద్దును కదా, లోపల మూడంతస్తుల ఎత్తు గోడలు. వాటి నిండా రంగురంగుల బుడిపెలు. ఆ బుడిపెలు పట్టుకుని మనుషులు బల్లుల్లా పాకుతున్నారు. ఒక్కొక్కరి నడుము నుంచి ఒక తాడు పైకి వెళ్ళి, అక్కడి ఇనుప కడ్డీ మీదుగా మళ్ళీ కిందికి వచ్చి, ఇంకొకరి చేతిలో ఉంది. పైమనిషి ఎక్కేకొద్దీ కిందిమనిషి తాడు లాగి బిగిస్తూ ఉంటారు. పైమనిషి జారితే కిందిమనిషి ఆపుతారు. ఆట మొత్తం అంతే.

పెద్దాయనే ఆ హాలు యజమాని. "కొండ మీద పడి పళ్ళు పోయాయా?" అని అడిగాను. "కొండ మీదైతే చెప్పుకోడానికైనా బాగుండేది. మా ఇంటి గుమ్మం తట్టుకుని పడ్డాను" అన్నాడు. పళ్ళు చక్కగా కుదిరాయి. అద్దంలో చూసుకుని మురిసిపోయి, "మీరూ ఒకసారి ఎక్కండి" అన్నాడు. నాకు యాభై దాటాయన్నాను. "గోడకి మీ వయసు ఎవరు చెప్పారు?" అన్నాడు.

ఎక్కానురా! మీ బావగారు పోయాక నేను స్టూలు కూడా ఎక్కలేదు. బల్బు మార్చాలన్నా పక్కింటివాళ్ళని పిలిచేదాన్ని. సగంలో కిందికి చూడకూడదట, నేను చూశాను. పెద్దాయన బట్టతల మీద లైటు తళతళలాడుతోంది. ఎందుకో నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఇంకో బుడిపె, ఇంకో బుడిపె. పైన కడ్డీ తట్టి ఒక కేక పెట్టాను. అలాంటి కేక నా గొంతులో ఉందని నాకే తెలీదు.

దిగాక వేళ్ళు నొప్పెట్టి మర్నాడు మైనం పట్టుకోలేకపోయాను. పళ్ళు చెక్కే చేతులు కదా, భయం వేసింది. రెండు రోజులు పోయాక పట్టు ఇదివరకటి కంటే బాగా కుదిరింది. వెంటనే వెళ్ళి హాల్లో పేరు రాయించుకున్నాను.

మరదలికి చెప్పు. నీకంటే తనే ఎక్కువ సంతోషిస్తుంది.

ఉడుంపట్టు పట్టిన
నీ అక్క


మార్చి 12

అక్కా,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టాను. పూర్తయ్యేసరికి కూర్చుని ఉన్నాను.

ఇన్నేళ్ళుగా మనుషుల్ని పైకీ కిందికీ మోసే తాళ్ళు చూస్తున్నవాణ్ణి, నా మాట విను. అది ఉక్కు తాడేనా? ఎప్పుడు మార్చారు? ఒక్కటే తాడా? మా లిఫ్టులో ఒకటి తెగినా మోయడానికి పక్కన ఇంకొన్ని ఉంటాయి. ఒక్క తాడు మీద నేను తడిబట్టలు కూడా ఆరేయను. సాగే రకమైతే అసలు ముట్టుకోకు. సాగేదాన్ని నమ్మకూడదు, తాడైనా మనిషైనా.

ఇక్కడ అంతా క్షేమం. మొన్న ఒక ఆఫీసు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల మేనేజరుగారు, ఆయన మీద ఫిర్యాదు పెట్టిన గుమాస్తా, ఇద్దరే. ఎలా ఉన్నారో ఏమోనని హడావిడిగా తలుపు తెరిచాను. ఇద్దరూ నేల మీద చతికిలబడి ఒక కమలాపండు పంచుకు తింటున్నారు. "అప్పుడే వచ్చేశారా?" అన్నాడు మేనేజరు.

నీకు ఒంట్లో బిగుసుకుపోయినట్టుంటే పొద్దున్నే నడువు. నేల మీద.

నీ తమ్ముడు

వదినా, ఈయన మాటలు పట్టించుకోకండి. నిన్న నేను మంచమెక్కి బూజు దులుపుతుంటే, దిగేదాకా నా కాలు పట్టుకుని నిలబడ్డారు. పైకి వెళ్ళాక ఎలా ఉంటుందో నాకు వివరంగా రాయండి. — మీ మరదలు


మార్చి 25

లిఫ్టుల డాక్టరుగారికి,

మీ సలహా మా పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయన నవ్విన నవ్వుకి నేను పెట్టిన పళ్ళు ఊడతాయేమోనని భయపడ్డాను. "లిఫ్టు జారకూడదమ్మా, మనం జారడానికే వచ్చాం. జారినప్పుడు తాడు కాస్త సాగుతూ ఆపాలి. ఉక్కు తాడైతే నడుం విరుగుతుంది" అన్నాడు. కాబట్టి నీ సామెత తిరగరాసుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వయసులో నాకొక తోడు దొరికాడు.

ఈ పని ఒంటరిగా అయ్యేది కాదు కదా. మొదట్లో హాలువాళ్ళు నన్నొక లెక్కల టీచరుకి అప్పగించారు. నా ఈడుదే. అమ్మో, ఆవిడతో వేగడం నా వల్ల కాదు. ఎక్కేముందు ప్రతిసారీ "ముడి చూపించు" అంటుంది. ఎనిమిది అంకెలా వచ్చే ముడి అది. చూపిస్తే వేలితో ప్రతి మెలికా తడిమి చూస్తుంది. తర్వాత నడుం పట్టీ లాగి చూస్తుంది. ఆ తర్వాత "ఇప్పుడు నాది నువ్వు చూడు" అంటుంది. నిన్న చూశాం కదా అంటే, "నిన్నటి ముడి నిన్ననే విప్పేశాం" అంటుంది. నవ్వదు. పైనుంచి నేను "ఎలా ఎక్కాను?" అని అడిగితే "అది తర్వాత. ముందు కుడికాలు చూసుకో" అంటుంది. పరీక్ష రాస్తున్నట్టే ఉంటుంది.

అలాంటప్పుడు దొరికాడు నవ్వులాయన. జనాన్ని టూర్లు తిప్పే ఏజెంటు. నెరిసిన గిరజాల జుట్టు, మెడలో ఎర్ర మఫ్లరు. నన్ను "రాకెట్టుగారూ" అని పిలుస్తాడు. ముడీ గిడీ అడగడు. "పళ్ళు చెక్కే చేతులకి ముడి ఒక లెక్కా!" అంటాడు. ఎంత ధీమా అనుకున్నావ్! ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చేత్తో వచ్చేపోయేవాళ్ళకి చెయ్యూపుతూ ఉంటాడు. నా ప్రాణం ఆయన చేతిలో పెట్టి హాయిగా ఉన్నాను. వారంలో చాలా రోజులు కలుసుకుంటున్నాం. ఇక ఇద్దరం బయటికి వెళ్దామంటున్నాడు. ఇంట గెలిచాక రచ్చ గెలవాలిగా!

మరదలా, పైన ఎలా ఉంటుందంటే, చెవుల్లో మన గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడదు. కరెంటు బిల్లు కట్టామా లేదా అన్న సంగతి కూడా గుర్తుండదు.

గాల్లో తేలుతున్న
అక్క


ఏప్రిల్ 4

అక్కకి,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించాను.

నీ ఉత్తరం మా ఆవిడ పైకి చదువుతోంది. "ఈ వయసులో నాకొక తోడు దొరికాడు" అన్న చోట ఆగి నా మొహం చూసింది. అపార్థం చేసుకోకు. బావగారు పోయాక నువ్వు ఒక్కదానివే ఉంటున్నావని నాకు బెంగగానే ఉండేది. నీకొక మనిషి దొరికితే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ తమ్ముణ్ణి, అడగాల్సినవి అడగాలి.

ఆయనకి ఇదివరకు ఎవరైనా ఉండేవాళ్ళా? ఉంటే వాళ్ళెందుకు వదిలేశారు? ఆయన చెప్పింది కాదు, వాళ్ళతో నువ్వు మాట్లాడావా? నువ్వు పొరపాటు చేస్తే ఆయన చెప్తాడా, నవ్వేసి ఊరుకుంటాడా? తనది తప్పైతే ఒప్పుకుంటాడా? మందు అలవాటుందా? నీతో ఉన్నంతసేపూ కళ్ళు నీ మీద ఉంటాయా, దిక్కులు చూస్తాయా? ఆ వచ్చేపోయేవాళ్ళకి చెయ్యూపడం మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. మాటలు తీపిగా ఉన్నాయని మనిషిని నమ్మెయ్యకు. బయటికి వెళ్ళడానికి అంత తొందరేముంది? ఇంకొన్నాళ్ళు నలుగురి మధ్యా ఉండి చూడు.

కోపం తెచ్చుకోకు.

నీ మంచి కోరే
తమ్ముడు

వదినా, ఈయన ప్రశ్నలకి తర్వాత తీరిగ్గా జవాబివ్వచ్చు. ముందు ఆ ఎర్ర మఫ్లరు గురించి నాకు ఇంకో నాలుగు ముక్కలు రాయండి. — మరదలు


ఏప్రిల్ 13

తమ్ముడూ,

నా ఆట మీద నీకింత శ్రద్ధ పుడుతుందని అనుకోలేదు. కోపమెందుకు? వరసగా జవాబులు చెప్తాను.

ఆయనకి ఇదివరకు చాలామందే ఉండేవాళ్ళట. ఒకాయన ఇప్పుడు ఎదురుపడినా మాట్లాడడు, ఎందుకో మరి. ఒక సంగీతం టీచరు ఉండేది, పాపం ఆవిడ చీలమండ విరిగింది. ఆవిడే కాలు తప్పుగా పెట్టిందని నవ్వులాయన చెప్పాడు. ఆవిడతో నేనేం మాట్లాడతాను, మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు నేను కాక ఇంకో ఇద్దరున్నారు. ఒక్కోసారి ఒకే సాయంత్రం ముగ్గురితోనూ ఉంటాడు, ఒకరి తర్వాత ఒకరు. అలసటే తెలీదు ఆ మనిషికి! ఇందులో అసూయకి తావేముంది? నేనూ అప్పుడప్పుడు లెక్కల టీచరు దగ్గరికి వెళ్తూనే ఉన్నానుగా.

పొరపాట్లు చెప్తాడా అన్నావు. ఇంతవరకూ ఒక్కటీ చెప్పలేదు. అంటే నేను చెయ్యలేదనేగా! మందు హాల్లోకి రానివ్వరు. కొండ దగ్గర మాత్రం చలికని ఫ్లాస్కులో ఏదో తెచ్చుకుంటాడట.

నీకు నవ్వు తెప్పించే సంగతి ఒకటి చెప్తాను. మొన్న ఒక ముసలాయన పళ్ళ సెట్టు వెనక్కి పంపించాడు. పళ్ళన్నీ ముత్యాల్లా వరసగా పేర్చాను, ఇంకేం లోపమని అడిగితే, ముందు పళ్ళ మధ్య సందు లేదట. "ఆ సందులోంచే ఈల వేసేవాణ్ణి. ఈల వెయ్యకపోతే మా కుక్క నన్ను గుర్తుపట్టట్లేదు" అన్నాడు. సందు పెట్టి ఇచ్చాను. ల్యాబులోనే ఈల వేసి చూపించాడు, మేమంతా చప్పట్లు కొట్టాం.

వచ్చే ఆదివారం నవ్వులాయనతో కొండకి వెళ్తున్నాను. మరదలా, ఆ మఫ్లరు ఉన్నిది, చివర్లలో కుచ్చులున్నాయి.

సంచి సర్దుకుంటున్న
అక్క


ఏప్రిల్ 18

అక్కా,

ఒకే సాయంత్రం ముగ్గురా! అది నువ్వు చెప్పడం, నేను వినడం!

ఇక ఉత్తరాలతో అయ్యే పని కాదు. వచ్చే శనివారం నేనే వస్తున్నాను, సెలవు దొరికింది. ఆ మనిషితో నేను ముఖాముఖి మాట్లాడాలి. అంతవరకూ ఎవరికీ ఏ మాటా ఇవ్వకు. ఆయనతో ఏ కొండకీ, ఏ గుట్టకీ వెళ్ళకు.

తమ్ముడు

వదినా, నేనూ వస్తున్నాను. చోద్యం చూడాలిగా.


ఏప్రిల్ 24

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. ఆదివారం అయిపోయింది. ముందు చివరి మాట చెప్పేస్తాను, నాకేమీ కాలేదు. మోకాలు వాచింది, కాస్త కుంటుతున్నాను. మీరు వచ్చేలోపు ఇది చేరుతుందో లేదో కానీ, రాయకపోతే నా మనసు ఆగేలా లేదు.

కొండ ఎంత బాగుందో! ప్లాస్టిక్ బుడిపెలు వేరు, రాయి వేరు. పొద్దుటి ఎండకి వెచ్చబడి, చెయ్యి వేస్తే ప్రాణమున్నదానిలా అనిపించింది. ఒక పగులులో వేళ్ళు పెడితే లోపల చల్లగా ఉంది. చీమలు నా కంటే ముందు ఎక్కుతున్నాయి. పైన చెట్టుకి, రాతికి గట్టిగా కట్టిన కొక్కెంలోంచి తాడు దూరి కిందికి వచ్చింది. కింద కొస నవ్వులాయన చేతిలో ఉంది. రెండు నిలువుల ఎత్తు ఎక్కానో లేదో, కాలు జారింది.

హాల్లో జారితే జానెడు దిగి ఆగుతాను. ఇక్కడ ఆగలేదు. జారుతూనే ఉన్నాను. మోకాలు ఒక రాతి అంచుకి కొట్టుకుంది. నేల ఇంకాస్త దూరంలో ఉందనగా తాడు బిగిసింది. కిందికి చూస్తే, ఆయన పక్క రాతి మీది వాళ్ళకి చెయ్యూపుతున్నాడు. ఎప్పుడో లాగి బిగించాల్సిన తాడు ఆయన కాళ్ళ దగ్గర చుట్టలు చుట్టలుగా పడి ఉంది.

"చూశారా, ఆగిందిగా! రాకెట్టన్నాక దిగడం కూడా ఉంటుంది" అని పకపకా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదురా. నీ ప్రశ్న గుర్తొచ్చింది, కళ్ళు నీ మీద ఉంటాయా, దిక్కులు చూస్తాయా అని.

సోమవారం సంగీతం టీచరు ఇల్లు కనుక్కుని వెళ్ళాను. "కాలు నేను తప్పుగా పెట్టలేదమ్మా. తాడు వదులుగా ఉంది. నేను నేల మీద పడి ఉంటే కూడా ఆయన నవ్వాడు" అంది. ఆ ఒక్క మాట అడగడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

ఇంతటితో అయిపోలేదు. మంగళవారం హాలుకి వెళ్ళి లెక్కల టీచరుకి ఇదంతా చెప్తూ ముడి వేసుకుంటున్నాను. నోరు ఆగట్లేదు. "అంత నిర్లక్ష్యమా అండీ మనిషికి!" అంటున్నాను. ఆవిడ మామూలుగానే "ముడి చూపించు" అంది. చూపించాను. ఆవిడ వేలు ఒకచోట ఆగిపోయింది. ఎనిమిది అంకె వేశాక, తాడు కొసని పట్టీలోంచి దూర్చి, అదే దారిలో మళ్ళీ వెనక్కి పోనివ్వాలి. నేను పట్టీలోంచి దూర్చిన దాకా వేసి, మాటల్లో పడి, అక్కడితో వదిలేశాను. అలాగే ఎక్కి ఉంటే పైన బరువు వేసిన క్షణంలో తాడు సర్రున ఊడిపోయేది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నేనూ ఒకసారి ఇలాగే వేశాను. అందుకే అడుగుతాను. నీ మీద నమ్మకం లేక కాదు. నా మీద కూడా నాకు లేదు" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ జేబురుమాలు ఇచ్చింది. దాన్ని కూడా చతురస్రంగా మడతపెట్టి ఉంచింది. ఏడుస్తూనే నవ్వేశాను.

అదే ముడితో నవ్వులాయన దగ్గరికి వెళ్ళి ఉంటే, "పదండి రాకెట్టుగారూ" అనేవాడు. నేను ఎక్కేసేదాన్ని.

నువ్వడిగినవన్నీ మొదటి రోజే నేను అడగాల్సినవి. ఎప్పుడూ గోడెక్కనివాడివి, నీకెలా తెలిశాయిరా? "ఇక మీతో ఎక్కను" అని ఆయనకి ఇంకా చెప్పలేదు. శనివారం మీరు పక్కనుంటే చెప్పగలను. 

కుంటుతూ ఎదురుచూసే
అక్క


మే 2

అక్కా,

ఇల్లు చేరి తలుపు తీస్తే నీ ఉత్తరం గుమ్మంలో పడి ఉంది. ఒక్క రోజు ముందొచ్చి ఉంటే నా పరువు దక్కేది. శనివారం మేం నేరుగా హాలుకే వచ్చాం కదా, నువ్వు బూట్లు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. మిగతా సగం మా ఆవిడ రాసేలోపు నేనే రాస్తున్నాను.

ఎర్ర మఫ్లరు చూసి నేరుగా వెళ్ళాను. "మా అక్కకి తోడు మీరేనా?" అన్నాను.

"రాకెట్టుగారి తమ్ముడా! రండి రండి" అని వీపు చరిచాడు.

"అసలు మీ ఉద్దేశమేమిటి?"

"ఈ వేసవిలోపు పెద్దకొండ ఎక్కించేస్తా."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది, దింపేస్తా."

"అంటే మా అక్కని వదిలేస్తారా?" అని గొంతు పెంచాను.

"మెల్లగానే వదుల్తాం సార్. గబుక్కున వదిలితే కాళ్ళు విరుగుతాయి కదా!"

నేను చొక్కా చేతులు పైకి మడుస్తున్నాను. మా ఆవిడ అప్పటికే గోడవైపు తిరిగిపోయింది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చివరికి నా చెవిలో, "ఏవండీ, ఆయన చెప్పేది తాడు సంగతి. మీ అక్కయ్యగారు రాసిందీ తాడు సంగతే. మనమే పొరబడ్డాం" అంది. కాలు జారితే తాడు పట్టుకుంటుంది, నోరు జారితే పట్టుకునేదేదీ లేదని ఆ క్షణంలో తెలిసింది. నీ మూడు ఉత్తరాలూ మనసులో మొదట్నుంచీ చివరిదాకా తిరిగాయి. ఒకే సాయంత్రం ముగ్గురు! నేల చీలితే బాగుండుననిపించింది. మా లిఫ్టు గొయ్యి కూడా అందుబాటులో లేదు.

అయినా ఒక్క మాట అడగకుండా ఉండలేకపోయాను. "మా అక్క కుంటుతోంది. ఆ దెబ్బ ఎలా తగిలింది?" అన్నాను. "ఓ, అదా!" అని నవ్వాడు. మా పనిలో అలా నవ్వేవాణ్ణి మర్నాడు గోతిలోకి దిగనివ్వం.

అప్పుడే నువ్వొచ్చావు. "మీ మాటలంటే నాకిష్టమే, కానీ తాడు మీ చేతిలో ఉంటే ఇక ఎక్కనండి" అన్నావు. అంత నెమ్మదిగా అన్నావు కాబట్టే ఆయన నవ్వు ఆగింది. పెద్దాయన రావడం, నవ్వులాయన్ని పక్కకి పిలవడం, మొదట్నుంచీ మళ్ళీ నేర్చుకుని పరీక్ష ఇస్తేనే ఎవరికైనా తాడు పట్టాలని చెప్పడం నువ్వూ చూశావు. సంగీతం టీచరు సంగతి పెద్దాయనకి అప్పటిదాకా ఎవరూ నిజం చెప్పలేదట, మొహం నల్లబడింది.

ఇక నా సంగతి. మా ఆవిడ ఉడతలా ఎక్కి దిగేసి, "మీరూ ఎక్కండి" అంది. ఎక్కాను. ఎక్కడం గొప్పేమీ కాదు, నిచ్చెనలు నాకు అలవాటే. పైకి చేరాక "చేతులు వదిలి వెనక్కి కూర్చో" అన్నారు చూడు, అది నా వల్ల కాలేదు. అందరూ నాకు భయమనుకున్నారు. భయం కాదక్కా. ఇన్నేళ్ళూ నేను నమ్మినవన్నీ నేను బిగించినవే. నా బోల్టు, నా బ్రేకు, నా రెంచి. ఇంకొకరి చేతిలో బరువు పెట్టడం నాకు రాదు. ఆ సంగతి కూడా గోడ మీదే తెలిసింది.

"కుర్చీ ఉందనుకుని కూర్చో బాబూ!" అని లెక్కల టీచరు అరిచింది.

"లేదు కదండీ!" అని నేనూ అరిచాను. హాలంతా నవ్వింది.

నువ్వు నవ్వలేదు. తాడు రెండు చేతుల్తో పట్టుకుని నన్నే చూస్తున్నావు. ఎవరో వచ్చి నీ భుజం తట్టి ఏదో అడిగారు. నువ్వు తల తిప్పలేదు, పలకలేదు. వాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. అది చూశాను, చేతులు వదిలేశాను.

తాడు కాస్త సాగింది. సాగి, ఆగింది.

దిగుతుంటే నేనూ ఒక కేక పెట్టానట. నాకైతే గుర్తులేదు.

నీ తమ్ముడు

వదినా, మా ఊళ్ళోనూ ఇలాంటి హాలు ఒకటుందట, రేపు వెళ్తున్నాం. తాడు ఈయనే పడతారట. ఇప్పటికే మూడుసార్లు "ముడి చూపించు" అన్నారు, ఇంకా ఇంట్లోనే ఉన్నాం. మీకు తోడు దొరకలేదని నాకు కొంచెం బాధగానే ఉంది. మఫ్లరు మాత్రం నిజంగా బాగుంది. — మరదలు


జూన్ 8

తమ్ముడికీ మరదలికీ,

తోడు దొరక్కపోవడమేమిటి? దొరికింది. వినండి.

నిన్న లెక్కల టీచరూ నేనూ పెద్దకొండ ఎక్కాం. మోకాలు ఎప్పుడో నయమైంది. పొద్దున్నే బస్సు దిగి పొలాల గట్టు మీదుగా నడుస్తుంటే ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. ఇదివరకైతే చిరాకు పడేదాన్ని. ఆవిడ మనసులో తాళ్ళూ కొక్కేలూ లెక్క చూసుకుంటోందని ఇప్పుడు నాకు తెలుసు. ముందు ఆవిడ ఎక్కింది, కింద తాడు నేను పట్టాను. తర్వాత పైనుంచి ఆవిడ పట్టింది, నేను ఎక్కాను.

మధ్యలో ఒకచోట రాయి పొట్ట ఉబ్బినట్టు బయటికి వచ్చింది. దాని పైనేముందో కనపడదు. చెయ్యి చాచి గుడ్డిగా తడమాలి. రెండుసార్లు జారాను. రెండుసార్లూ జానెడే దిగాను. పైనుంచి ఒక్క మాట లేదు, తాడు మాత్రం బిగువుగా ఉంది. అదే "నేనున్నాను" అన్నట్టుంది. మూడోసారి వేళ్ళకి ఒక అంచు తగిలింది. నాలుగు వేళ్ళు పట్టేంత అంచు. నేను కట్టిన ఏ పన్నూ దవడలో అంత ముద్దుగా కుదరలేదు. పట్టుకుని, కాళ్ళు పైకి తెచ్చి, పొట్ట మీద పాకి, గడ్డి మొహానికి తగిలేదాకా ఆగలేదు. తలెత్తితే చుట్టూ ఆకాశమే. కింద మేం దిగిన బస్సు అగ్గిపెట్టెలా ఉంది.

ఇద్దరం బూట్లు విప్పి కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. అప్పుడు చెప్పింది ఆవిడ కబుర్లన్నీ. ఒక పిల్లాడు "సున్నా ఒంటరిగా ఉంటే జాలేస్తుంది టీచర్" అన్నాడట. నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ఈవిడ నవ్వదనుకున్నాను కదా, నవ్వుతుంది. చేతిలో తాడు లేనప్పుడు.

దిగేవేళయింది. తాడుకి కొక్కెం తగిలించుకుని, గోడకి కాళ్ళు తన్నుకుంటూ ఎవరికి వాళ్ళు దిగాలి. ముందు ఆవిడ. నా పట్టీ చూసింది, ముడి చూసింది, "ఊఁ" అంది. అంచు దగ్గరికి వెళ్ళి వెనక్కి వాలబోయింది. నేను "ఆగు, నీది చూడలేదు" అన్నాను. ఎండకి అలసిపోయి ఉంది, అయినా చిరాకు పడకుండా వెనక్కి వచ్చి నిలబడింది. కొక్కెం తెరుచుకోకుండా బిగించే మర ఒకటి ఉంటుంది. అది తిప్పలేదు. వదులుగా ఉంది.

నేను వేలు పెట్టి చూపించాను. ఆవిడ చూసింది. మొహం పాలిపోయింది. తర్వాత మర తిప్పి బిగించి, నన్ను దగ్గరికి లాక్కుని నెత్తి మీద ఒక ముద్దు పెట్టింది. "ఇన్నేళ్ళలో నన్ను ఆగమన్నవాళ్ళు లేరు. నాది చూడమని అడిగితే అందరూ 'మీరు టీచరు, మీకు తెలీదా' అని ఊరుకునేవాళ్ళు" అంది.

నవ్వులాయన మొదటి తరగతిలో కొత్తవాళ్ళతో కలిసి నేర్చుకుంటున్నాడు. నేర్పేది ఈవిడే. మొన్న చూశాను, మఫ్లరు తీసి మేకుకి తగిలించి, రెండు చేతులూ తాడు మీదే పెట్టి, నుదుటి మీద చెమటతో నిలబడ్డాడు. ఎవరో పలకరిస్తే తల కూడా తిప్పలేదు. సంగీతం టీచరు ఇంటికి వెళ్ళి క్షమాపణ కూడా చెప్పి వచ్చాడట. ఆవిడ క్షమించిందో లేదో నాకు తెలీదు, కాఫీ మాత్రం ఇచ్చిందట.

ఆగస్టులో మీరిద్దరూ రండి. పెద్దకొండ ఎక్కుదాం. మరదలు ముందు, నువ్వు వెనక.

చెప్పడం మరిచాను. మర బిగించాక లెక్కల టీచరు అంచు మీంచి వెనక్కి వాలింది, తాడు మీద కూర్చుంది, నాలుగడుగులు దిగిందో లేదో పాట అందుకుంది. కొండంతా మారుమోగేలా పాడుకుంటూ దిగింది. నేను పైన ఒక్కదాన్నే కూర్చుని, ఆవిడ తల కనపడకుండా పోయినా వింటూనే ఉన్నాను. ఒక్క చరణమూ శ్రుతిలో లేదు. ఆ ఒక్క తప్పూ ఆవిడకి చెప్పదలచుకోలేదు.

వేళ్ళ నిండా గీతలతో, మనసు నిండా గాలితో
మీ అక్క